సముద్రం అనే బీరువా

తబితమ్మ చనిపోయిన రోజున ఆమె భర్త జక్కయ్య విదేశంలో ఉన్నాడు. ఆ విదేశం ఆమె మంచానికి రెండు వందల పది అడుగుల దూరంలో, పంటకాలవ అవతలి గట్టున ఉంది. దీని మీద కొత్తలంకలో రెండో అభిప్రాయం లేదు.

ఆ విదేశం అసలు పేరు సముద్రాంతర సువార్త శిక్షణాలయం. పాత మామిడితోట, మధ్యలో పెంకుల కప్పుతో ప్రార్థనశాల, వెనక వంటశాల, మూడు పక్కలా ప్రహరీ, నాలుగో పక్క కాలవ. సముద్రాలు దాటి వెళ్లి సువార్త చెప్పేవాళ్లను తయారు చెయ్యడం దాని పని. తొమ్మిదేళ్లుగా తయారు చేస్తోంది. అరవై నాలుగు మంది తయారయ్యారు. ఒక్కరూ వెళ్లలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు. పిలవలేదు కాబట్టి తయారీ ఆపడానికీ వీల్లేకపోయింది.

వెళ్లబోయే దేశం పేరు డైరెక్టరు రెవరెండ్ ఎలియాజరు గారికి ఒక్కరికే తెలుసు. పేరు బయటికి పొక్కితే ఆ దేశంవాళ్లు తలుపులు మూసేసుకుంటారని ఆయన దాన్ని ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, లక్క సీలు వేసి, బైబిలు సంచీలో దాచుకున్నారు. చలిదేశం అని మాత్రం అందరికీ చెప్పారు. ఆ దేశం భాష కూడా నేర్పించవచ్చు గాని, ఏ భాష నేర్పుతున్నారో తెలిస్తే ఏ దేశమో తెలిసిపోతుంది. అందుకని నేర్పలేదు.

అయ్యగారు స్వయంగా ఒకసారి విదేశం చూసి వచ్చినవారు. పద్దెనిమిది రోజులు. అందులో ఆరు రోజులు ప్రయాణం, నాలుగు రోజులు కడుపు చెడి మంచం. మిగిలిన ఎనిమిది రోజుల మీద ఆయన తొమ్మిదేళ్లు ప్రసంగాలు చేశారు.

జక్కయ్య అక్కడ అటెండరు. వేళకి గంట కొట్టడం, గదులు ఊడవడం, కాగితాలు అందించడం ఆయన పని. చదివింది కొత్తలంక బడిలో ఐదో తరగతి దాకా, అదీ వానాకాలం చదువు. మాట తక్కువ. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. చెప్పినట్టు చెయ్యనివాళ్లను చూస్తే ఒళ్లు మంట.

తబితమ్మ అలా కాదు. ఆమెకి మనసులో ఉన్నది నోట్లోకి రావడానికి రెప్పపాటు కూడా పట్టేది కాదు. పిల్లలు లేరు. గొంతు ఉంది. పేటలో ఎవరు పోయినా ఇంటి దగ్గర నించి సమాధుల దొడ్డి దాకా పాట ఎత్తేది ఆమే. ఆమె ఎత్తితే వెనక యాభై మంది అందుకున్నా ఆమె గొంతు ఆమెదిగానే వినబడేది. "తబితమ్మ పాడతంటే సచ్చినోడు కూడా ఇంకాసేపు ఉండి ఎల్దాం అనుకుంటాడు" అని సంఘపెద్ద సీలయ్య అనేవాడు.

గొడవ ఫిలేమోనుతో మొదలైంది. ఫిలేమోను పదకొండు మంది శిక్షణార్థుల్లో కాస్త చురుకైనవాడు. ఇంగ్లీషు వచ్చు. అందుకని నాగపూరులో మహాసభలకి పంపారు. సభలు వారం రోజులు. రెండో రోజుకే రైలెక్కేశాడు.

"ఏం నాయనా, అప్పుడే వచ్చావు?" అన్నారు అయ్యగారు.

"మూడు పూటలా రొట్టెలేనండి అయ్యగారు. మా అమ్మ గుర్తొచ్చేసిందండి."

నాగపూరులోనే అమ్మ గుర్తొచ్చినవాడు సముద్రం దాటితే ఏమవుతాడు? కమిటీ మూడు రోజులు ఉపవాసం ఉండి ఆలోచించింది. కార్యదర్శి నెహెమ్యా గారు తీర్మానం రాశారు. నెహెమ్యా గారు మామూలుగా మాట్లాడినా తీర్మానం లాగే ఉండేది. తీర్మానం రాస్తే ఇక చెప్పక్కర్లేదు.

"ఇందుమూలముగా సమస్త శిక్షణార్థులకును, సిబ్బందికిని తెలియపరచడమేమనగా: ఇంటిబెంగ అనునది సేవకు ప్రధాన ఆటంకమని కమిటీ ప్రార్థనాపూర్వకముగా గ్రహించినది. కావున ఏప్రిల్ మొదటి తేదీ నుండి శిక్షణాలయ ఆవరణ యావత్తును విదేశముగాను, ఆవరణ వెలుపలి ప్రదేశమును స్వదేశముగాను, పంటకాలవను సముద్రముగాను పరిగణించవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

మొదటి తేదీ పొద్దున్నే అయ్యగారు గట్టు మీద నిలబడి, చేతులు చాపి, ప్రార్థన చేసి కాలవని సముద్రం చేశారు. ఆ సమయానికి సముద్రంలో నాలుగు గేదెలు ఉన్నాయి. వాటిని తోలెయ్యాలా అని వాచ్‌మన్ అడిగాడు. ఈ తీర్మానం గేదెలకు వర్తించదని నెహెమ్యా గారు మర్నాడు నోటీసు బోర్డులో పెట్టారు.

కాలవ మీద రెండు తాటిదుంగల వంతెన ఉంది. అది ఓడ అయింది. ఓడ ఎక్కాలంటే ఏడో నంబరు ఫారం నింపాలి. ఓడ ప్రయాణం నలభై రోజులు. అంటే ఫారం పెట్టినవాడు వెనక గదిలో నలభై రోజులు కూచోవాలి. అది ప్రయాణం. అది అయ్యాక దుంగల మీద నడిచి ఇంటికి పోవచ్చు. తిరిగి రావడానికి ఇంకో నలభై.

"విమానం లేదాండి?" అన్నాడు ఫిలేమోను.

"విమానము ఈ సంవత్సరపు ప్రణాళికలో లేదు" అన్నారు నెహెమ్యా గారు.

సిబ్బందికి కూడా ఇదే వర్తిస్తుందా అని వంటమనిషి అడిగింది. వర్తిస్తుందన్నారు. ఆమె ఆ సాయంత్రమే స్వదేశంలో ఉండిపోయింది. జక్కయ్య ఏమీ అడగలేదు. ఆయనకి అప్పటికే తాళంచెవి ఇచ్చారు.

తాళంచెవి బీరువాది. ఆఫీసులో ఆకుపచ్చ ఇనప బీరువా ఒకటి ఉండేది. దాని తలుపు మీద తెల్లరంగుతో 'సముద్రం' అని రాయించారు. స్వదేశం నించి వచ్చే ప్రతి ఉత్తరం, ఇక్కడి నించి పోయే ప్రతి ఉత్తరం అందులో నలభై రోజులు ఉండాలి. నలభై ఎందుకంటే, అయ్యగారు విదేశం నించి అమ్మగారికి రాసిన ఉత్తరం సరిగ్గా నలభై రోజులకి చేరింది. అప్పటికి అయ్యగారు ఇంటికి వచ్చి మూడు వారాలు దాటింది. అమ్మగారు దాన్ని ఆయన చేతే చదివించుకున్నారు. అత్యవసరమైన కబుర్లకి మాత్రం పై అర కేటాయించారు. దాన్ని తంతి అన్నారు. తంతికి మూడు రోజులు.

జక్కయ్యని తపాలా అధికారిని చేశారు. వచ్చిన ఉత్తరానికి నంబరు వెయ్యాలి, పుస్తకంలో ఎక్కించాలి, గడువు తేదీ రాయాలి, సముద్రంలో పెట్టి తాళం వెయ్యాలి. పుట్టి బుద్ధెరిగాక ఆయన చేతికి ఎవరూ తాళంచెవి ఇచ్చి ఎరగరు. ఆయన ఇంటికి తాళం లేదు. తాళం వెయ్యాల్సినంత సామానూ లేదు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. నడుస్తుంటే అది తొడకి తగిలేది. తగిలినప్పుడల్లా ఒక అడుగు నిటారుగా వేసేవాడు.

పద్ధతి మొదట్లో బాగానే నడిచింది. ఏప్రిల్ రెండో వారంలో పాలవాడు చీటీ పంపాడు. 'రేపు గేదె ఈనేలా ఉంది, పాలు రావు.' జక్కయ్య దానికి పదమూడో నంబరు వేసి సముద్రంలో పెట్టాడు. మర్నాడు పాలు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలీదు. నలభై రోజుల తరవాత చీటీ చేరింది. ఆ మర్నాడు పాలవాడు రెండు బిందెలతో వచ్చాడు.

"ఈ దినము పాలు రావని వర్తమానమున్నది" అన్నారు నెహెమ్యా గారు.

"వచ్చాయి కదండి. ఇవిగో."

"మాకు అందిన సమాచారము ప్రకారము రావు."

పాలు వెనక్కి పోయాయి. పదకొండు మంది నల్ల టీ తాగారు. అయ్యగారు ఆ రోజు ప్రార్థనలో, పరదేశంలో లేమిని సహించడం గురించి చాలా బాగా మాట్లాడారు.

తరవాత చలి అలవాటు చెయ్యాల్సి వచ్చింది. అప్పటికి రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. మంకీ కేపులు, ఉన్ని స్వెట్టర్లు, రగ్గులు తెప్పించారు. సిబ్బందితో సహా అందరూ పొద్దున్నించి సాయంత్రం దాకా అవి వేసుకోవాలి. అది చాలదని తీరాన చేపలకి ఐసు వేసే ఫ్యాక్టరీ నించి ఐసు దిమ్మలు బండి మీద తెప్పించి ప్రార్థనశాలలో పరిచారు. దిమ్మల మీద గోనెపట్టా వేసుకుని కూచుని ప్రార్థన. ఐసు చేపల వాసన కొట్టేది. రెండో రోజుకి స్వదేశంలోని పిల్లులన్నీ పాస్‌పోర్టు లేకుండా వచ్చి ప్రార్థనశాల చుట్టూ చేరాయి. పదకొండు మందిలో నలుగురికి వడదెబ్బ, ఇద్దరికి నిమ్ముజ్వరం ఒకే వారంలో వచ్చాయి. ఒకే గదిలో ఆ రెండు జబ్బులూ పక్కపక్కన చూడటం ఇదే మొదటిసారని డాక్టరు అన్నాడు. శిక్షణ ఫలితాలిస్తోందని నెహెమ్యా గారు మినిట్సులో రాశారు.

ఈ రోజుల్లోనే తబితమ్మ సాయంత్రం పూట అంట్లు తోముకునే వంకతో కాలవ రేవుకి వచ్చేది. సరిగ్గా జక్కయ్య గంట కొట్టే వేళకి. స్వదేశీయులతో నోటిమాట నిషేధం. జక్కయ్య ఆమె కేసి వీపు పెట్టి నిలబడేవాడు.

"ఓ ఇదేశం దొరోయ్! నెత్తి మీద ఆ టోపీ ఏటి? కోతికి పెడితే అదన్నా పీకి పారేద్ది."

జక్కయ్య గంట కొట్టాడు.

"మీ దేశంలో ఇయ్యాల కూరేటి?"

గట్టు మీద రగ్గు కప్పుకుని కూచున్న ఫిలేమోను ఆగలేకపోయాడు. "ఉడకేసిన బంగాళాదుంపలమ్మా."

"ఉప్పూ కారం?"

"ఉప్పు ఆదివారం వేత్తారు. కారం లేదు."

"అయ్యో నా తండ్రీ! జైల్లో కూడా కారం పెడతారంట కదరా. ఏం నేరం సేసేరు మీరంతా?"

మర్నాడు ఆమె సత్తుగిన్నెలో ఆవకాయ పెట్టి, ఆ గిన్నెని నీళ్ల మీద వదిలి, కర్రతో ఇటు తోసింది. సముద్రం దాటి వచ్చిన మొట్టమొదటి వస్తువు అదే. ఫిలేమోను మోకాళ్ల లోతు దిగి అందుకున్నాడు. నెహెమ్యా గారు చూడనే చూశారు. కస్టమ్స్ తనిఖీ నిమిత్తం గిన్నెని తమ క్వార్టరుకి తీసుకెళ్లారు. తనిఖీ మూడు వారాలు సాగింది. గిన్నె ఖాళీగా తిరిగి వచ్చింది.

మే నెల ఆఖర్న ఒక సాయంత్రం ఆమె అంట్లు తేలేదు. ఉత్త చేతులతో వచ్చి రేవు మెట్టు మీద కూచుంది.

"ఇంటన్నావా? ఇంటి మీద తాటాకు కుళ్లిపోయింది. వానొస్తే మంచం మీదే పడుద్ది." పక్కలో చెయ్యి అదుముకుంది. "కడుపులో ఈ నొప్పొకటి. కుడేపు. కూచుంటే ఓలాగ, నిలబడితే ఓలాగ. ఓసారి ఇటు తిరగవయ్యా. నీ దేశం మునిగిపోదులే."

ఆఫీసు వరండాలో నెహెమ్యా గారు నిలబడి ఉన్నారు. జక్కయ్య తిరగలేదు. తిరగకుండానే, గంటతో చెప్పినట్టు, "ఉత్తరం రాయించు" అన్నాడు.

తబితమ్మ నవ్వింది. "అట్టాగే దొరా. రాయిస్తాలే" అని లేచి వెళ్లిపోయింది.

నోటిమాట వాడినందుకు జక్కయ్యకి మందలింపు వచ్చింది. అసలు తప్పు కంటికి స్వదేశం కనబడటంలో ఉందని కమిటీ తేల్చింది. రెండు రోజుల్లో కాలవ పొడుగునా నిలువెత్తు తాటాకు దడి కట్టించారు. కంటికి అడ్డం పెట్టాక చెవి సంగతి మిగిలింది. పేటలో చర్చిగంట మోగినప్పుడల్లా శిక్షణార్థుల మొహాలు మారిపోతున్నాయి. అందుకని ఇంకో నోటీసు పెట్టారు. 'స్వదేశపు గంట గాని, స్వదేశీయుల కేకలు గాని వినబడినచో అవి ముగియువరకు తపాలా అధికారి శిక్షణాలయపు గంటను ఎడతెగక మోగించవలెను.'

దడి కట్టాక తబితమ్మ మాట వినబడలేదు. అలిగింది అనుకున్నాడు జక్కయ్య. నాలుగు రోజులు పోతే అదే వస్తుంది అనుకున్నాడు.

జూన్ మొదటి సోమవారం రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి నీలం కవరు, విదేశీ స్టాంపులు, టైపు చేసిన అడ్రసు. దానికి నూట పదిహేడో నంబరు వేశాడు. విదేశం నించి విదేశానికి వచ్చిన ఉత్తరాన్ని సముద్రంలో పెట్టాలా అని ఒక్క క్షణం సందేహించాడు. నోటీసులో 'ప్రతి ఉత్తరము' అని ఉంది. పెట్టాడు.

రెండోది రూళ్ల నోటుబుక్కు కాగితం. మడిచి, అన్నం మెతుకుతో అంటించి ఉంది. పైన గుండ్రటి చదువుకున్న అక్షరాలు. 'జక్కయ్య గారికి, ఇదేశం.' రాసింది పక్కింటి ఆనందమ్మ కూతురని తెలుస్తూనే ఉంది. మడత దగ్గర పసుపు అంటింది.

ఆఫీసులో ఎవరూ లేరు. తాళంచెవి మొలతాడుకే ఉంది. ఇంటి మీద తాటాకు గురించి అనుకున్నాడు జక్కయ్య. లేకపోతే, అలక తీర్చుకోవడానికి నాలుగు తిట్లు. మెతుకు ఇంకా పచ్చిగానే ఉంది. గోరు పెడితే ఊడి వచ్చేది. ఆయన దానికి నూట పద్దెనిమిదో నంబరు వేశాడు. గడువు తేదీ రాశాడు. నూట పదిహేడో నంబరు మీద పెట్టి తాళం వేశాడు.

నెహెమ్యా గారు పుస్తకం చూసి, మర్నాడు పొద్దున ప్రార్థనలో ఆయన్ని అందరి ముందూ నిలబెట్టారు. "స్వంత భార్య యొద్దనుండి వచ్చిన లేఖను సైతము విప్పక, క్రమ ప్రకారము సముద్రమునకు అప్పగించిన సహోదరుడు జక్కయ్య గారు మనకందరికిని మాదిరియై యున్నారు." పదకొండు మందీ ఆమేన్ అన్నారు. జక్కయ్యకి చెమట కారుతోంది. స్వెట్టరు వల్ల.

శనివారం పొద్దున పేటలో గంట మోగడం మొదలుపెట్టింది. ఆదివారం గంట కాదు. ఒక్కో దెబ్బకీ మధ్య ఎడం ఉంది. చావుగంట. జక్కయ్య వెళ్లి మామిడిచెట్టుకి వేలాడే రైలుపట్టా ముక్కని సుత్తితో అందుకున్నాడు. వంతెన వైపు నించి ఎవరో మగవాళ్లు కేకలు పెడుతున్నట్టు అనిపించింది. ఏమంటున్నారో తెలీలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు.

వంతెన దగ్గరికి వచ్చింది సీలయ్య, ఇంకో ఐదుగురు. వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. నెహెమ్యా గారు వెళ్లి మాట్లాడారు.

"జక్కయ్యని పిలవండి బాబూ, ఆడి పెళ్లాం..."

"ఆయన విదేశములో ఉన్నారు. నోటిమాట చెల్లదు. లిఖితపూర్వకముగా ఇచ్చినచో తంతిగా పంపెదము."

సీలయ్య ఆయన మొహంలోకి చూశాడు. గంట మోత మధ్యలో సీలయ్య ఏమన్నాడో వాచ్‌మన్ తరవాత కూడా ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద రెండు ముక్కలు రాసి, దాన్ని నేల మీద పడేసి వెళ్లిపోయారు. జక్కయ్య సుత్తి దించి ఆఫీసుకి వచ్చేసరికి, మడిచిన కాగితం 'శిక్షణాలయమునకు, తంతి' అనే ముద్రతో బల్ల మీద ఉంది. దానికి నంబరు వేసి పై అరలో పెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి దడి అవతల గట్టు మీద పాట వచ్చింది. జనం సమాధుల దొడ్డికి వెళుతున్నారు. జక్కయ్య మళ్లీ సుత్తి తీసుకున్నాడు. గంట సేపు కొట్టేసరికి పొద్దుటి నించీ కొట్టిన చెయ్యి లేవలేదు. పాట నెమ్మదిగా నడుస్తోంది. ఆయన టోపీ తీసి, ఎవరు పోయారో తెలీకపోయినా, పోయినవాళ్ల కోసం చిన్న ప్రార్థన చేశాడు. తరవాత చెవి పెట్టి విన్నాడు. యాభై అరవై గొంతులున్నాయి. పాట ఒకళ్లు ఎత్తితే ఒకళ్లు అందుకోలేక ముక్కలు ముక్కలుగా పోతోంది. అందులో తబితమ్మ గొంతు లేదు.

చావుపాటకి కూడా నోరు విప్పలేదంటే ఎంత అలిగిందో అనుకున్నాడు. పెద్ద మొండిది అనుకున్నాడు.

మంగళవారం పొద్దున గడువు అయింది. జక్కయ్యే తాళం తీసి, తంతిని ప్రార్థనశాలలో నెహెమ్యా గారి చేతికి ఇచ్చాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని సభకి చదివి వినిపించారు.

"తబితమ్మ శనివారము తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించినది. భర్తకు తెలియపరచవలెను." కాగితం తిప్పి చూశారు. "భర్త పేరు వ్రాయబడలేదు." అప్పుడు తల ఎత్తి జక్కయ్యని చూశారు.

ఐసు కరిగి గోనెపట్టాల కింద నీళ్లు పారుతున్నాయి. అయ్యగారు లేచి వచ్చి జక్కయ్య భుజం మీద చెయ్యి వేశారు.

"జక్కయ్యా, విదేశాల్లో ఉన్న సేవకులకి ఇలాంటి కబుర్లు ఇలాగే వస్తాయి. తొమ్మిదేళ్లలో ఇంతమందిని తయారు చేశాను. నిజమైన మిషనరీ అనుభవం మొదట దొరికింది నీకే. నా హృదయం నిండిపోయింది."

"సంతాప తీర్మానము మధ్యాహ్నము ప్రవేశపెట్టబడును" అన్నారు నెహెమ్యా గారు. "స్వదేశ ప్రయాణమునకు ఏడో నంబరు ఫారము ఇప్పించెదము. నలువది దినముల అనంతరము..."

జక్కయ్య టోపీ తీసి ఐసు మీద పెట్టాడు. స్వెట్టరు తీసి దాని పక్కన పెట్టాడు. బయటికి వచ్చి, దడిని రెండు చేతులా పట్టి లాగాడు. అది రెండు రోజుల్లో కట్టిన దడి. ఒక్క లాగుకి వచ్చేసింది. వంతెన దాటాడు. డెబ్బై రెండు అంగలు. ఆయన లెక్కపెట్టలేదు, కాళ్లే లెక్కపెట్టాయి. అర నిమిషం పట్టింది.

ఇంటి ముందు అరుగు మీద ఆనందమ్మ కూచుని ఉంది. ఆయన్ని చూసి లేవలేదు.

"ఏం జబ్బు?" అన్నాడు జక్కయ్య.

"కడుపులో ఏదో వాచిందంట. కాంపౌండరు సూసి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి కోయించాలన్నాడు. నేను బండి మాట్లాడాను. అది ఎక్కలేదు. కొయ్యడానికి మొగుడు సంతకం కావాలంట, ఉత్తరం రాయించాను కదా, అందుద్ది, వత్తాడు అంది. సోమవారం నించి శుక్రవారం దాకా అదే మాట. వత్తాడే, ఉత్తరం అందితే వత్తాడే అని." ఆనందమ్మ మొహం తుడుచుకుంది. "నీకు అందిందా, లేదా?"

"అందింది."

"సోమవారమేనా?"

"సోమవారమే."

ఆనందమ్మ లేచింది. పక్కనున్న తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆ సాయంత్రానికి పేటంతా తెలిసింది. ఉత్తరం అందింది, రాలేదు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. దారిలో ఎదురైతే ఆడవాళ్లు పైట సర్దుకుని పక్కకి తప్పుకునేవాళ్లు.

జక్కయ్య శిక్షణాలయానికి మళ్లీ వెళ్లలేదు. తాళంచెవి వాచ్‌మన్ చేత పంపించేశాడు. ఇంటి మీద తాటాకు కప్పుకున్నాడు. వానలు పడ్డాయి. మంచం తడవలేదు.

సరిగ్గా నలభయ్యో రోజు పొద్దున నెహెమ్యా గారు గొడుగు వేసుకుని వచ్చారు. చంకలో తపాలా పుస్తకం, చేతిలో ఉత్తరం.

"నూట పద్దెనిమిది. గడువు నేటితో పూర్తి. ఇక్కడ సంతకము చేయవలెను."

జక్కయ్య సంతకం చేశాడు. గడువు తేదీ తన చేతిరాతే.

నెహెమ్యా గారు వెళ్లలేదు. అరుగు అంచున కూచున్నారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. తీర్మానం లాగా కాకుండా మామూలు మనిషిలాగా మాట్లాడారు. "నూట పదిహేడు కూడా విప్పాం జక్కయ్యా. పిలుపు. తొమ్మిదేళ్లకి పిలిచారు. పదకొండు మందీ రావచ్చన్నారు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే వేరేవాళ్లని పిలుచుకుంటామన్నారు. పది రోజుల కిందటే అయిపోయింది."

జక్కయ్య ఉత్తరాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అది చలిదేశం కూడా కాదు" అన్నారు నెహెమ్యా గారు. "ఇక్కడి కంటే వేడంట. కారం బాగా తింటారంట."

ఆయన వెళ్లాక జక్కయ్య మెతుకు ఎండి రాయైన చోట గోరు పెట్టి కాగితం విప్పాడు. నాలుగు వరసలున్నాయి.

'ఏవయ్యా. నొప్పి తగ్గలేదు. ఆసుపత్రికి ఎల్లాలంట. బండి ఆనందమ్మ మాట్లాడుద్ది, నువ్వు పక్కనుంటే సాలు. ఉత్తరం రాయించమన్నావు. రాయించాను. ఇంక రా.'

ఆగస్టులో శిక్షణాలయం వార్షిక మహాసభ పెట్టింది. లక్క సీలు కవరు అయ్యగారు విప్పలేదు. పిలుపు చేజారడమే శిక్షణ ఇంకా పూర్తి కాలేదనడానికి రుజువని, ఇంకో తొమ్మిదేళ్ల ప్రణాళిక ప్రకటించారు. ఉత్తరాల గడువు మాత్రం మార్చలేదు. ఒక్క ఉత్తరం కోసం సముద్రాన్ని మార్చలేం కదా అన్నారు. ఆ సభలో జక్కయ్య సాక్ష్యం చెప్పాలని, తంతి అందిన తేదీని ఏటేటా త్యాగదినంగా జరపాలని కమిటీ తీర్మానించింది. పేట జనాన్ని కూడా పిలిచారు. ఆ ఒక్క రోజుకి వాళ్లకి పాస్‌పోర్టు అక్కర్లేదన్నారు.

జక్కయ్య వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు. వేదిక ఎక్కి నిలబడ్డాడు. ముందు వరసలో పదకొండు మంది స్వెట్టర్లలో, వెనక చాపల మీద పేట జనం. సీలయ్య ఉన్నాడు. ఆనందమ్మ తల వంచుకుని కూచుంది.

"ప్రియ సహోదరుడా, ప్రభువు నీ పట్ల జరిగించిన కార్యమును సంఘమునకు వివరించుము" అన్నారు అయ్యగారు.

జక్కయ్య మైకుకి దూరంగానే నిలబడి మాట్లాడాడు. అయినా వినబడింది.

"నా పెళ్లాం ఉత్తరం రాయించింది. రాయించమన్నది నేనే. అది వచ్చినప్పుడు తీసుకున్నది నేనే. పేరు నాదే. విప్పకుండా బీరువాలో పెట్టి తాళం ఏసింది నేనే. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. ఆవిడికి గంట కొడితే ఎవురికీ వినపడకుండా ఎదురు గంట కొట్టింది కూడా నేనే. అందులో మీ తప్పు ఎంతో అయ్యగారూ, అది మీరు సూసుకోండి. మీరు సూసుకోరని నాకు తెల్సు. నా తప్పు ఎంతో నేను సూసుకున్నాను. ఈ సంగతి నేను ఇంకెక్కడా ఎత్తను. నా కాడ ఎవురూ ఎత్తొద్దు."

దిగి వెళ్లిపోయాడు.

'సహోదరుడు జక్కయ్య గారి సాక్ష్యము క్లుప్తముగా నుండినను ఆత్మీయముగా నుండెను' అని ఆ రోజు మినిట్సులో ఉంది.

ఏటేటా త్యాగదినానికి పిలుపు కాగితం ఆయన ఇంటికి వచ్చేది. నలభై రోజులు ఆలస్యంగా వచ్చేది. పేటలో ఎవరైనా పోతే, ఆనందమ్మ అరుగు మీంచే, "తబితమ్మ ఉంటే ఈ పాట..." అని ఆగిపోయేది. ఆయన లేచి లోపలికి పోయేవాడు.

ఇంకో పదమూడేళ్లు బతికాడు. ఎత్తలేదు.